నిద్రలేమికి ఆరు వారాల కౌన్సెలింగ్: నా అనుభవం

మూడు నెలలుగా రాత్రి రెండింటికే మెలకువ వస్తుండటంతో, మా ఊళ్లోని ఒక నిద్ర చికిత్సా కేంద్రంలో ఆరు వారాల సీబీటీ-ఐ (నిద్రకు అడ్డొచ్చే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) కౌన్సెలింగ్‌లో చేరాను. దీర్ఘకాలిక నిద్రలేమికి ముందుగా ఈ పద్ధతినే ప్రయత్నించాలని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో సిఫారసు చేసింది.

నిద్ర చాలనప్పుడు మెదడులో ముప్పును పసిగట్టే అమిగ్డలా అతిగా స్పందిస్తుందని, అందుకే పది మంచి మాటల మధ్య ఒక్క పుల్లవిరుపు మాటే మనసును పట్టుకుంటుందని నిపుణురాలు వివరించినప్పుడు, మా ఆఫీసరుగారు ముభావంగా అన్న ‘చూద్దాం’ను నేను తెల్లవార్లూ నెమరువేసిన సంగతి గుర్తొచ్చింది. నిద్ర డైరీ రాయడం సులువే గానీ, పన్నెండున్నరకు ముందు పక్క ఎక్కవద్దన్న నియమం మొదటి పది రోజులు నరకం చూపించింది. నాలుగో వారానికి నిద్ర కుదుటపడి, పిల్లల మీద విసుక్కోవడం తగ్గింది. అయితే రాత్రి పదకొండింటికి ‘నిద్రపోయారా?’ అంటూ ఆ కేంద్రం వాళ్ల యాప్ మోగడం మాత్రం విడ్డూరమే.