గాలం వేట వీడియోలకు యాక్షన్ కెమెరా: రెండేళ్లు వాడాక

సుంకేసుల దిగువన తుంగభద్ర గట్టు మీద, కేసీ కెనాల్ వెంట రెండేళ్లు వాడిన సామాను ఇది: యాక్షన్ కెమెరా, ఛాతీకి కట్టుకునే బెల్టు, స్టాండు మీద ఫోను, ఎడిటింగ్‌కు పాత ల్యాప్‌టాప్. వేట అంటే చేపల వేటే. కుందేలు, అడవిపంది జోలికి పోతే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. ఆ వీడియో పెట్టడమంటే సాక్ష్యం చేతికివ్వడమే.

కెమెరా కొనేవాళ్లు ముందు 4కే ఉందా అని అడుగుతారు. అడగాల్సింది ప్రీ-రికార్డ్ గురించి. మూడు గంటలు కూర్చుంటే బెండు (చేప పట్టిందని చెప్పే, గాలం దారం మీద తేలే ముక్క) మునిగేది రెండు క్షణాలు. ప్రీ-రికార్డ్ పెడితే బటన్ నొక్కడానికి ముందు 30 సెకన్లు కూడా కార్డులోకి వస్తాయి, చేప లాగాక నొక్కినా చాలు. అయితే బ్యాటరీ మాత్రం రికార్డింగ్ నడుస్తున్నంత వేగంగానే దిగుతుంది. ఒక్కోటి గంటంపావుకు మించి రాదు, కాబట్టి నాలుగు బ్యాటరీలు ఉండాలి. పవర్ బ్యాంకు తగిలించొచ్చు కానీ వైరు కోసం పక్క మూత తెరవాలి, అది తెరిచి ఉంటే కెమెరా వాటర్‌ప్రూఫ్ కాదు.

ఈ కెమెరాకు పెద్ద శత్రువు కర్నూలు ఎండ. దాని పుస్తకంలో రాసింది 35 డిగ్రీల వరకే. ఏప్రిల్, మే నెలల్లో 4కే నాణ్యతలో సెకనుకు 60 ఫ్రేములు పెడితే ఇరవై నిమిషాలకే వేడెక్కి ఆగిపోతుంది. 1080లో 25 ఫ్రేములకు దించి, గొడుగు నీడలో పెట్టి, వైఫై ఆపేస్తే నిలబడుతుంది. చల్లబడుతుందని ఐస్ బాక్సులో పెట్టొద్దు. బయటికి తీయగానే గాలిలోని తేమ అద్దం మీద చెమ్మగా పట్టి, అరగంట దాకా అంతా మసకే.

బెండును ఈ కెమెరాతో వీడియో తీయాలనుకోవడం దండగ. లెన్సు చూపు మరీ వెడల్పు, పది మీటర్ల దూరంలో బెండు చుక్కంత కూడా కనపడదు. ఆ పని ఫోనుది: స్టాండు మీద పెట్టి 2ఎక్స్ జూమ్, ఫోకస్ బెండు మీద లాక్. ఛాతీ మీది కెమెరా ఎర గుచ్చడానికి, రీలు తిప్పడానికి, చేపను గట్టుకు లాగడానికి. తలకు కట్టుకుంటే మెడ తిప్పినప్పుడల్లా చూసేవాడికి కళ్లు తిరుగుతాయి.

చేపలు బాగా పడేది తెల్లవారుజామున, మునిమాపున. సరిగ్గా అప్పుడే ఈ చిన్న సెన్సారుకు వెలుతురు చాలదు. ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సారు స్పందించే స్థాయి, పెంచితే బొమ్మలో గింజలు కనిపిస్తాయి) 800 దాటనివ్వకండి. కుదుపులు సర్దే స్టెబిలైజేషన్ ఆపేయండి, లేకపోతే చీకట్లో బొమ్మ వణికినట్టు చెదురుతుంది. నీటి మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ శీతాకాలపు తేట నీటికి పనికొస్తుంది. వరద నీళ్లలో బురద తప్ప ఏమీ లేదు కాబట్టి తీసేయడమే మేలు, అది ఎలాగూ సగానికి పైగా వెలుతురు తినేస్తుంది.

గాలి హోరుకు మైకు మీద బొచ్చు తొడుగు తప్పనిసరి.

ఎడిటింగ్‌లో కొత్తవాళ్లను ఎక్కువగా ఏడిపించేది ఫోను వీడియోలో మాట, పెదవులు కలవకపోవడం. ఫోను ఫ్రేము రేటు (సెకనుకు తీసే ఫ్రేముల లెక్క) నిలకడగా ఉండదు. వీడియోలు మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో ‘కాన్‌స్టాంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకుని మార్చాకే ఎడిటింగ్ టైమ్‌లైన్‌లో వేయాలి. రెండు కెమెరాలూ నడుస్తుండగా ఒకసారి చప్పట్లు కొడితే ఆ శబ్దం దగ్గర రెండూ కలుస్తాయి. ఎడిటింగ్‌కు డావిన్చీ రిజాల్వ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షనే చాలు. ల్యాప్‌టాప్ నత్తనడక నడిస్తే 720 ప్రాక్సీలు (ఎడిటింగ్ వరకు వాడే చిన్న సైజు నకళ్లు) చేసుకోండి.

కోత దగ్గర జాలి వద్దు. ఎర కలపడం (పల్లీ చెక్క, తవుడు పాళ్లు చూపిస్తే జనం ఆగి చూస్తారు), బెండు, లాగుడు, చేప ముఖం, తూకం. మూడు గంటల ఫుటేజీ ఎనిమిది నిమిషాలు దాటకూడదు. పాటలు అక్కర్లేదు, రీలు గిరగిరా తిరిగే చప్పుడు ఉండనివ్వండి. మెమరీ కార్డు వీ30 (రాసే వేగం) గుర్తున్నది, 128 జీబీ. ఇంటికెళ్లగానే రెండు చోట్ల కాపీ చేశాకే ఫార్మాట్, అదీ కెమెరాలోనే.