ఎర్రగడ్డ వైస్, కిలో లెక్క బోల్టులు: మూడేళ్ల వాడకం తర్వాత

బాల్కనీలో పనిబల్ల కట్టుకోవాలని మూడేళ్ల క్రితం మొదలుపెట్టాను. సామాను మొత్తం 5,000 రూపాయల్లో తేవాలని పంతం.

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంతలో నాలుగంగుళాల బెంచ్ వైస్ (బల్లకు బిగించి, పని చేసే వస్తువుని కదలకుండా పట్టే ఇనప పట్టకం) దొరికింది. 900 చెప్పి 650కి ఇచ్చాడు. నిలువెల్లా తుప్పు. మా ఆవిడ చూసి, "కొన్నారా, పాత ఇనుముకి వేయడానికి తెచ్చారా?" అంది. కొనేముందు మాత్రం పానాతో తట్టి విన్నాను, పగిలి ఉంటే మొద్దుగా మోగుతుందని. వెల్డింగ్ అతుకు ఉందేమోనని వేలితో తడిమాను. పోత ఇనుముని మామూలు రాడ్డుతో అతికితే ఆ పక్కనే మళ్లీ పగులుతుంది, అలాంటిది ఊరికే ఇచ్చినా వద్దు. దవడలు మూసి వెలుతురుకు పెడితే సమంగా కలిశాయి. పిడి పావు చుట్టు వదులుగా తిరిగింది, అది ఏ వైస్‌కైనా కాస్త ఉండేదే.

కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు బకెట్ నీళ్లలో కలిపి, విడదీసిన ముక్కలన్నీ రాత్రంతా నానబెట్టాను. పొద్దున్నకి తుప్పంతా నల్లటి మడ్డిలా బ్రష్‌తో ఊడొచ్చింది. కడిగిన వెంటనే ఆరబెట్టి నూనె పట్టించాలి. నేను టిఫిన్ తిని వచ్చేలోపే మళ్లీ ఎర్రబారింది! మూడేళ్లుగా ఏడాదికోసారి గ్రీజు తప్ప దానికి పెట్టిన ఖర్చు లేదు.

దెబ్బ తిన్నది బోల్టుల దగ్గర. ఒక కొట్లో 8 ఎం.ఎం. అడిగి తూకానికి తెచ్చుకుంటే, సగం రెండున్నర సూత్‌వి, అంటే 5/16 అంగుళం. లావు 7.94 మి.మీ., కంటికి తేడా తెలీదు. కానీ ఎం8 (అంటే 8 ఎం.ఎం. బోల్టు) మర దూరం, అంటే ఒక మరకీ పక్క మరకీ మధ్య ఎడం, 1.25 మి.మీ., ఆ అంగుళం బోల్టుది 1.41. నట్టు రెండు చుట్లు ఎక్కి బిగుసుకుంది. తుప్పేమో అనుకుని పానాతో బలంగా తిప్పాను, మర కాస్తా చెడింది. ఇప్పుడు జేబులో ఒక ఎం8 నట్టు లేనిదే రాణిగంజ్ హార్డ్‌వేర్ బజారుకి వెళ్లను. కౌంటర్ దగ్గరే చేత్తో ఎక్కించి చూస్తాను. (నేను వెళ్లిన ఆదివారం అక్కడ చాలా షట్టర్లు మూసే ఉన్నాయి.)

చవకని, జిప్సం బోర్డులకు వాడే నల్ల స్క్రూలతో సామాను పెట్టుకునే అర ఒకటి బిగించాను. ఆ అర మీద డ్రిల్ మిషన్ పెట్టగానే రెండింటి తలలు టక్కున తెగాయి. అవి బోర్డులు పట్టి ఉంచడానికే, బరువు మోయడానికి కాదు.

స్టెయిన్‌లెస్ బోల్టుల సంగతి ఇంకో మోసం. అయస్కాంతం అంటుకోకపోతే 304 అనే మంచి రకం స్టీలని ధీమాగా కొన్నాను. 202 అనే చవక రకానికి కూడా అంటుకోదట! రెండో వానాకాలానికి వాటి మీద టీ మరకల్లా తుప్పు చుక్కలు. ఇప్పుడు తల మీద ఏ2-70 అని (304 తరహా స్టీలు బోల్టులకు వేసే గుర్తు) ముద్ర ఉంటేనే తీసుకుంటున్నాను, ధర ఎక్కువైనా సరే.

ఆ సూత్ బోల్టులు ఇంకా కిలోకి పైనే డబ్బాలో ఉన్నాయి. పాత సామాన్లతనికి వేసేయమని మా ఆవిడ రోజూ అంటుంది, నాకే చేతులు రావడం లేదు.