బాణం గుర్తుల ఇండికేటర్‌కి డబ్బులు కట్టబోతున్నారా? ముందు ఇది చదవండి

పచ్చ బాణం వస్తే కాల్ (నిఫ్టీ పెరిగితే లాభమిచ్చేది) కొను, ఎర్ర బాణం వస్తే పుట్ (పడితే లాభమిచ్చేది) కొను అంటూ నిఫ్టీ ఆప్షన్లకి ఇండికేటర్ అమ్మే టెలిగ్రామ్ గురువుగారు తెలుసుగా. పేరు రాయను, సగం మందికి అర్థమయ్యే ఉంటుంది. నా ఫీజు పోయింది, క్యాపిటల్‌లో ముక్కా పోయింది. అదలా ఉంచండి. ఇవాళ గ్రూపులో ఇచ్చిన జవాబు మాత్రం ఒళ్లు మండించింది.

నేను అడిగింది ఒక్కటే (క్యాండిల్ అంటే చార్ట్‌లో 5 నిమిషాల ధరల్ని చూపే ఒక కడ్డీ). "సార్, ఈ బాణం లైవ్‌లో ఈ క్యాండిల్ దగ్గర లేదు. 25 నిమిషాలయ్యాక వచ్చి వెనక్కి వెళ్లి కూర్చుంది. ఇవిగో రెండు స్క్రీన్‌షాట్లు." జవాబు: "నమ్మకం లేనివాడికి ఏ సిస్టమూ పనిచెయ్యదు. ముందు మైండ్‌సెట్ మార్చుకో తమ్ముడూ." 2022 నుంచి 2024 దాకా మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్‌లో లెక్కతేల్చింది కదా అంటే, "ఆ 93 శాతానికీ నమ్మకం లేకే" అట! మరుక్షణం మెసేజ్ డిలీట్, మనిషి రిమూవ్. లాభమొస్తే సిస్టం గొప్ప, నష్టమొస్తే మన భక్తిలో లోపం. ఎలా తిప్పినా ఆయన తప్పు లేదు.

కోడ్ లాక్ చేసి ఇస్తారు కానీ, ఆడే ఆట చూస్తే అది పివట్ (ధర మలుపు తిరిగిన చోటు) అని తెలిసిపోతుంది. 5 నిమిషాల చార్ట్‌లో ఒక క్యాండిల్‌ని అడుగు అని తేల్చాలంటే, దాని తర్వాత ఐదు క్యాండిళ్లు అంతకంటే కిందికి దిగకుండా ముగియాలి. అంటే 25 నిమిషాలు. అప్పుడు తేలిన బాణాన్ని ఐదు క్యాండిళ్లు వెనక్కి జరిపి సరిగ్గా అడుగునే గీస్తారు. పాత చార్ట్ తెరిస్తే ప్రతి మలుపులోనూ బాణమే, ఆహా అనిపిస్తుంది. లైవ్‌లో అది కనబడేసరికి నిఫ్టీ 40, 50 పాయింట్లు ఎక్కేసి ఉంటుంది. మీరు కొనేది అక్కడ.

పట్టుకోవడం కష్టమేం కాదు. ట్రేడింగ్‌వ్యూ చార్ట్ సైట్‌లో బార్ రీప్లే (పాత చార్ట్‌ని మళ్లీ నడిపి చూపేది) పెట్టి, ఏదో ఒక పచ్చ బాణానికి ముందు కట్ చేసి, ఒక్కో క్యాండిలే జరపండి. తన క్యాండిల్ మూసేసరికి రాని బాణం ఐదు దాటాక వెనకాల మొలిచిందా, దొరికిపోయినట్టే. ఇంకో రకం ఉంది: క్యాండిల్ నడుస్తుండగా బాణం వచ్చి, మూసేలోపు మాయమైపోతుంది. ఇది మామూలు రీప్లేలో దొరకదు, అక్కడ సాధారణంగా మూసిన క్యాండిళ్లే కనిపిస్తాయి కాబట్టి. దీనికి రెండు అలర్ట్‌లు పెట్టండి, సిగ్నల్ రాగానే మోగేది ఒకటి, క్యాండిల్ ముగిశాక మోగేది ఒకటి. వారం ఆగి రెండు లాగ్‌లూ పక్కపక్కన చూడండి. మొదటిదాంట్లో ఉండి రెండోదాంట్లో లేనివన్నీ చార్ట్ మీంచి చెరిగిపోయిన సిగ్నళ్లే.

ఇక ఆయన చూపించే ఆ ఘనమైన బ్యాక్‌టెస్ట్ (పాత ధరల మీద సిస్టమ్‌ని పరీక్షించిన రిపోర్ట్). హైకిన్ ఆషి చార్ట్ మీద తీసింది! ఆ క్యాండిళ్లవి సగటు ధరలు, ఆ రేటుకి మార్కెట్లో అసలు ట్రేడే జరగకపోయి ఉండొచ్చు. చార్ట్ రకం పైనే కనబడుతుంది, చూసిన పాపాన పోతేగా నేను. కమీషన్ సున్నా, స్లిప్పేజ్ (అనుకున్న ధరకీ దొరికిన ధరకీ తేడా) సున్నా. 2024 అక్టోబర్ 1న ఆప్షన్ అమ్మకం మీద ఎస్‌టీటీ (లావాదేవీ పన్ను) 0.0625 నుంచి 0.1 శాతానికి పెరిగిన సంగతే ఆ రిపోర్ట్‌కి తెలీదు. పైగా టెస్ట్ చేసింది స్పాట్ (నిఫ్టీ సూచీ) మీద, మనం కొనేది ఆప్షన్. నిఫ్టీ 40 పాయింట్లు పెరిగితే, డెల్టా 0.5 ఉన్న (అంటే నిఫ్టీ కదలికలో సగం కదిలే) ఏటీఎం కాల్, అంటే ప్రస్తుత నిఫ్టీ స్థాయి దగ్గరి కాల్, 20 పెరగాలి. ఎక్స్‌పైరీ (ఆప్షన్ గడువు తీరే రోజు) మధ్యాహ్నం ఆ 40కి గంట పట్టిందంటే అందులో చాలావరకు థీటాకే (సమయం గడిచేకొద్దీ కరిగే ఆప్షన్ విలువకే) సరి.

కట్టేముందు సెబీ రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి. రీసెర్చ్ అనలిస్ట్‌కైతే ఐఎన్‌హెచ్‌తో మొదలవుతుంది, సెబీ సైట్‌లో సరిచూసుకోవచ్చు. "మాది ఎడ్యుకేషన్ మాత్రమే" అంటే, చదువు చెప్పేవాళ్లు గత 3 నెలల ధరలు వాడకూడదని 2025 జనవరిలో సెబీయే చెప్పిందని గుర్తుచెయ్యండి. ఇప్పటికే కట్టేసినవాళ్లు చాట్, పేమెంట్ స్క్రీన్‌షాట్లు ఇవాళే తీసిపెట్టుకోండి. అడ్మిన్ డిలీట్ కొడితే ఆ మెసేజ్‌లు మీ ఫోన్లోంచి కూడా పోతాయి.