మన్ననూరులో రెండు రాత్రులు

రాత్రి తొమ్మిదింటికి మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర గేటు పడుతుంది. మళ్లీ లేచేది పొద్దున ఆరింటికే. అక్కడి నుంచి దోమలపెంట దాకా శ్రీశైలం రోడ్డు పులుల అడవి నడుమ నుంచి పోతుంది కాబట్టి రాత్రిపూట బండ్లను వదలరు. నల్లమల ప్రయాణం అనుకున్నవాళ్లు ముందుగా రాసిపెట్టుకోవాల్సింది ఇదే. మూడేళ్ల కింద మేం ఇది తెలియకుండానే పోయాం. దేవరకొండలో ఒక పెండ్లి భోజనం చేసి, సాయంత్రం నింపాదిగా బయలుదేరి, తొమ్మిదీ ఇరవైకి గేటు ముందు నిలబడ్డాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు, పాప నిద్రలో ఉంది. వెనక్కి అచ్చంపేటకు వచ్చి, దొరికిన లాడ్జిలో దిగాం. తలుపు గడియ పడదు, నీళ్లు రావు. ఆ రాత్రి వేళ అడిగిన డబ్బు ఇవ్వక తప్పలేదు. పొద్దున్నే లేచి నేరుగా శ్రీశైలం పోయి, దర్శనం చేసుకొని, అదే రోజు తిరిగొచ్చాం. అడవిలో నుంచి రెండుసార్లు పోయామే గాని అడవిని చూసింది లేదు.

అందుకే ఈసారి శ్రీశైలాన్ని పక్కన పెట్టి, అడవి కోసమే వెళ్లాం. నవంబరు చివరి వారం, శుక్రవారం పొద్దున నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా. నేను, మా ఆయన, ఏడో తరగతి చదివే పాప, అత్తమ్మ, బండి నడపడానికి మా తమ్ముడు.

“అమ్మా, ఇది నేషనల్ పార్కేనా?” అని పాప అడిగింది. మీరూ ఆ మాటతోనే వెతుకుతుంటే ఒక సంగతి చెప్పాలి. తెలంగాణలో నేషనల్ పార్కులు మూడే: కేబీఆర్, మృగవని, మహావీర్ హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలవే. కొండలు, లోయలు, పులులు ఉన్న మన నల్లమల చట్టం లెక్కలో అభయారణ్యం, దానితోపాటు టైగర్ రిజర్వ్. 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. నాగార్జునసాగర్–శ్రీశైలం అన్న పేరుతో రెండు ఒడ్లూ కలిసే ఉండేవి. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు ఇవతలి ముక్క అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. విస్తీర్ణం 2,611 చదరపు కిలోమీటర్లు. ఎక్కువ భాగం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది. మిగిలింది మా నల్లగొండ జిల్లాది, చందంపేట వైపు అడవి కూడా ఇందులోదే. ఇది మన పెరటి అడవి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లే దీన్ని మనకన్నా ఎక్కువ చూశారని నాకు అక్కడికి పోయాకే అర్థమైంది.

మా దారి దేవరకొండ, డిండి, హాజీపూర్, మన్ననూరు. పొద్దున డిండి ప్రాజెక్టు దగ్గర ఆగి, ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టెలు, పల్లీల పొడి తిన్నాం. మహబూబ్‌నగర్ నుంచి వచ్చేవాళ్లు జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా వచ్చి శ్రీశైలం హైవే ఎక్కొచ్చు. సొంత బండి లేకపోతే హైదరాబాద్–శ్రీశైలం ఆర్టీసీ బస్సులు మన్ననూరు మీదుగానే పోతాయి. కాకపోతే మన్ననూరులో దిగాక అటు ఉమామహేశ్వరం గుడికైనా ఇటు మల్లెలతీర్థం జలపాతానికైనా ఆటోనో జీపో మాట్లాడుకోవాలి. డీజిలు, డబ్బు, మందులు అచ్చంపేటలోనే చూసుకోండి. మన్ననూరు దాటాక ఫోన్ సిగ్నల్ మీద భరోసా పెట్టుకోవద్దు.

బస గురించి మా ఇంట్లో చాలా చర్చ జరిగింది. మా ఆయన శ్రీశైలంలో సత్రం గది తీసుకుందామన్నాడు. సత్రాలు చవకే, భోజనానికి కూడా ఇబ్బంది ఉండదు. కానీ అక్కడి నుంచి మన్ననూరు డెబ్బై కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఆరింటికి గేటు తీశాక ఘాట్ రోడ్డు దిగి, ఎక్కి వచ్చేసరికి పొద్దెక్కుతుంది, జంతువులు నీడకు చేరతాయి. అచ్చంపేటలో గదులు దొరుకుతాయి, ఊరు పెద్దది, హోటళ్లున్నాయి. పెద్దవాళ్లకు ఆసుపత్రి దగ్గర్లో ఉండాలనుకుంటే అదే మేలు. అయితే పగటిపూట వెళ్లి గది చూసుకున్నాకే డబ్బివ్వండి. మేం చివరికి మన్ననూరులో అటవీశాఖ బసలోనే దిగాం. ఆ శాఖ 2021 నుంచి టైగర్ స్టే అని ఒక ప్యాకేజీ నడుపుతోంది. గది, సఫారీ, నడక అన్నీ కలిపి ఉంటాయి. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ వెబ్‌సైట్‌లోనే బుక్ చేసుకోవాలి. శని, ఆదివారాలు తొందరగా నిండిపోతాయి, అందుకే నెల ముందే చూసుకున్నాం.

కాటేజీలు, మట్టి ఇళ్లు, చెట్టు మీద ఇల్లు ఉన్నాయి. పాప చెట్టు మీది ఇంటికే పట్టుబట్టింది. రాత్రిపూట అత్తమ్మ ఒక్కసారి కిందికి దిగాలన్నా ఎట్లా అని దాన్ని వదులుకున్నాం. ముసలివాళ్లు, చిన్నపిల్లలు ఉంటే మట్టి ఇల్లే తీసుకోండి. గోడ మందం, లోపల చల్లదనం, మట్టి వాసన చూసి అత్తమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గోడ మీద చెయ్యి పెట్టి, “మా అమ్మగారింట్ల గిట్లనే ఉండేది బిడ్డా” అంది. టీవీ, ఏ వేళ అడిగితే ఆ వేళ టీ కావాలనుకునే కుటుంబానికి ఈ బస నప్పదు. రాత్రి ఎనిమిదికల్లా చుట్టూ చీకటి. నవంబరు చలి మన ఊళ్లకన్నా ఎక్కువ, దుప్పట్లు రెండేసి తెచ్చుకోండి.

శనివారం పొద్దున సఫారీ. మన సొంత బండితో లోపలికి పోనివ్వరు. అటవీశాఖ బండిలోనే పోవాలి, వెంట గైడ్ ఉంటాడు. ఇక్కడ గైడ్లుగా చెంచు యువకులు పనిచేస్తున్నారు. ఈ ప్రయాణంలో నన్ను ఏది బాగుంది అని అడిగితే గది కాదు, వ్యూ పాయింట్ కాదు, మాతో వచ్చిన ఆ పిల్లవాడని చెప్తాను. ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. అత్తమ్మను “అవ్వా” అని చెయ్యి పట్టి బండి ఎక్కించాడు. పది నిమిషాలు పోయాక బండి ఆపించి, పగిలిన పుట్ట ఒకటి చూపించాడు. “గుడ్డెలుగు రాత్రి తవ్వింది అక్కా. మట్టి ఇంకా తడిగనే ఉంది సూడు.” ఇంకొంచెం ముందుకు పోయాక ఒక మద్దిచెట్టు మానుకు పైదాకా గోళ్ల గీతలు. తేనె కోసం ఎలుగు ఎక్కిన గుర్తులట. నేను ఒంటరిగా వచ్చుంటే ఆ చెట్టు నాకు అన్ని చెట్లలాంటిదే.

ఎక్కడో కొండెంగ ఒక్కసారిగా అరిచింది. పులో చిరుతో కనబడితే అది అట్లా అరుస్తుందట. అతను చెయ్యెత్తాడు, అందరం ఊపిరి బిగబట్టాం. చాలాసేపు చూశాం, ఏదీ రాలేదు. దుప్పుల మంద, రెండు కణుజులు, నెమళ్లు, అడవి పందులు, కొమ్మ మీద బెట్టుడుత కనబడ్డాయి. పులి కనబడలేదు. దారి పక్క మెత్తటి మట్టిలో దాని అడుగు మాత్రం చూశాం, పాప అరచెయ్యి పెడితే అందులో పూర్తిగా పట్టింది. పులిని చూడాలన్న పట్టుదల ఉంటే మార్చి నుంచి మే దాకా రండి. నీళ్లు తగ్గి, అటవీశాఖ నింపే సాసర్ల (నేలలో కట్టిన లోతులేని నీటి తొట్ల) దగ్గరికి జంతువులు వస్తాయి. అయితే ఆ నెలల్లో ఆకు రాలి అడవి బోసిగా ఉంటుంది, ఎండ మండిపోతుంది, చిన్న నిప్పు రవ్వకే గడ్డి అంటుకుంటుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు.

ఫరహాబాద్ వ్యూ పాయింట్ సఫారీ దారిలోనే ఉంది. నిజాం వేసవికి, వేటకు వచ్చిన చోటు. ఫరహ్ అంటే ఆనందం. వేట బంగళా ఇప్పుడు మొండిగోడలుగా మిగిలింది. అంచున నిలబడితే కింద అడవి ఒకదాని వెనక ఒకటిగా కొండలై పోతూ ఉంటుంది. మంచు విడిపోయేదాకా ఆగండి, తొందరపడి ఫొటోలు తీసుకొని పోతే తెల్లటి పొగే కనిపిస్తుంది.

అక్కడ కూర్చున్నప్పుడే గైడ్ తేనె సంగతి చెప్పాడు. కొండచరియకు వేలాడే పెద్ద తేనెపట్టు కోసం పైనుంచి తాడు కట్టుకొని దిగుతారు. దిగేవాడి ప్రాణం పైన తాడు కాసేవాడి చేతిలో ఉంటుంది. ఆ కాపలా అన్నకో తమ్మునికో ఇవ్వరు, పెండ్లాం తోడబుట్టినవానికే ఇస్తారు. “అక్క బొట్టు చెరుపుకోవాలని ఏ తమ్ముడు కోరుకుంటడు?” అన్నాడు. మా ఆయన తిరిగి మా తమ్ముడి వైపు చూశాడు. మా తమ్ముడు ఆ చూపుకు ఏమీ అనలేదు గాని, దిగేటప్పుడు బావ చేతిలోని సంచి తాను తీసుకున్నాడు. చెంచుల తేనె కొనాలనుంటే గిరిజన సహకార సంస్థ అమ్మే సీసాలు తీసుకోండి, రోడ్డు పక్క బకెట్లలో పెట్టి అమ్మేదాంట్లో బెల్లం పాకం ఎంతో మనకు తెలియదు.

శనివారం సాయంత్రం ఉమామహేశ్వరం. రంగాపూర్ దగ్గర కింద భోగమహేశ్వరం గుడి, అక్కడి నుంచి కొండ మీదికి బండి పోయే దారి ఉంది. శ్రీశైలానికి నాలుగు దిక్కులా ఉన్న ద్వారాల్లో ఇది ఉత్తర ద్వారం. కొండచరియ గొడుగులా వంగి ఉంటే దాని కిందే గుడి, దాని కిందే నడక. ఎండ తగలదు. పాపనాశనం దగ్గర రాతి నుంచి ఊరే నీటిని దోసిలి పట్టి తాగాం. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఈ చుట్టుపక్కల ఇంతకన్నా అనువైన చోటు లేదు. అత్తమ్మ అక్కడ గంటన్నర కూర్చుంది, మేమే లేపాల్సి వచ్చింది.

మల్లెలతీర్థం ఆదివారం పొద్దున చూశాం. గేటు దాటి, వటవర్లపల్లి దగ్గర మలుపు తిరిగి లోపలికి పోవాలి. చివర మూడొందల యాభై దాకా మెట్లు దిగాలి. దిగేటప్పుడు ఎవరికీ తెలియదు, ఎక్కేటప్పుడే తెలుస్తుంది. అత్తమ్మను పైనే నీడలో కూర్చోబెట్టి నేను తోడున్నాను, ముగ్గురు దిగి వచ్చాక మా తమ్ముడు తోడుండగా నేను దిగాను. రాతిపొరల మీద నుంచి దారాలు దారాలుగా నీళ్లు పడుతున్నాయి. వానాకాలం చివర నుంచి సంక్రాంతి దాకా బాగుంటుంది, ఎండాకాలం సన్నబడుతుంది. రాళ్లు పాచిపట్టి జారుతాయి, నీళ్లు పొంగుతున్న రోజుల్లో మడుగులోకి దిగొద్దు. ఇక్కడ నాకు కడుపు రగిలిన సంగతి ఒకటుంది. ఆ మెట్ల పక్కన చిప్స్ ప్యాకెట్లు, సీసాలు కనబడ్డాయి. రిజర్వులోకి ప్లాస్టిక్ తేవద్దని బోర్డులున్నాయి. మేం నీళ్లకు స్టీలు డబ్బాలు, తినడానికి విస్తరాకులు తీసుకుపోయాం, ఏ ఇబ్బందీ పడలేదు. కోతులకు అరటిపండ్లు విసిరే అలవాటు కూడా మానాలి. వాటి కోసం అవి రోడ్డు మీదికి వచ్చి బండ్ల కింద పడుతున్నాయి.

తిరిగొచ్చేటప్పుడు టీ తాగిన చోట యురేనియం మాట వచ్చింది. 2019లో ఈ కొండల్లో యురేనియం కోసం తవ్వకాలంటే ఊళ్లకు ఊళ్లు రోడ్డెక్కాయి. ఆ సెప్టెంబరులోనే శాసనసభ వద్దని తీర్మానం చేసింది. టీ పోస్తున్న పెద్దాయన ఆ రోజుల గురించి చెప్తుంటే పాప గ్లాసు పట్టుకొని తాగడం మరిచిపోయింది.

ప్రతాపరుద్రుడి కోట ఎక్కలేదు, నడకకు అరపూట కావాలి. శ్రీశైలం నుంచి పడవ మీద అక్కమహాదేవి గుహలకు పోవాలంటే ఇంకో రోజు కలుపుకోవాలి. రెండు రాత్రుల్లో అన్నీ ఇరికించాలని చూస్తే మళ్లీ మా మొదటి ప్రయాణమే అవుతుంది.

ఇక సలేశ్వరం, అడవి లోపల లోయలో ఉన్న శివుడి క్షేత్రం. ఏడాది మొత్తంలో చైత్ర పున్నమి చుట్టూ కొద్ది రోజులే లోపలికి వదులుతారు. ఆ లోయలోని లింగమయ్యకు చెంచులే పూజారులు. “వస్తున్నం వస్తున్నం లింగమయ్యా” అంటూ దిగి, “పోతున్నం పోతున్నం లింగమయ్యా” అంటూ ఎక్కుతారట. ఎండలో, రాళ్ల మీద, కిలోమీటర్ల కొద్దీ నడక. గైడ్ పిల్లవాడు, “అవ్వకు కష్టమైతది అక్కా” అన్నాడు. అత్తమ్మ అప్పుడు ఏమీ అనలేదు. ఇంటికొచ్చిన మరునాడు పొద్దున ఐదింటికి గేటు చప్పుడైతే లేచి చూశాను. చెప్పులేసుకొని, చేతికర్ర పట్టుకొని, చెరువు కట్ట మీద నడవడానికి బయలుదేరుతోంది.