డాక్టర్‌కి చెప్పడానికి ఏది మేలు: నోటిమాటా, ఫైలా, ఒక్క కాగితమా?

"గ్యాస్ అండి." మూడేళ్లపాటు ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా అమ్మ ఇదే మాటతో మొదలుపెట్టేది. వాళ్లు పరగడుపున వేసుకునే మాత్ర రాసిచ్చేవారు. చివరికి తేలిన జబ్బు అకలేషియా. అన్నవాహిక కింది చివర ఉండే కండరం, మనం మింగినప్పుడు వదులై దారి ఇవ్వాలి. ఈ జబ్బులో అది వదులవదు, పై గొట్టం కూడా ముద్దను సరిగ్గా కిందికి నెట్టదు. ఏటా లక్ష మందిలో సుమారు ఒకరికి కొత్తగా బయటపడే జబ్బు కాబట్టి, డాక్టర్లకు వెంటనే తట్టకపోవచ్చు. తట్టేలా చెప్పడం ఎలా అన్నది మాకు ఆలస్యంగా తెలిసింది.

నోటితో చెబితే డాక్టర్ ఎదురు ప్రశ్నలు వేయగలరు, అది మంచిదే. కానీ ఆయన ఎదుట కూర్చోగానే అమ్మకు టెన్షన్. ఇంట్లో పడ్డ అవస్థంతా అక్కడ "ఏదో కొంచెం ఇబ్బంది" అయిపోతుంది. పైగా మనకు ఛాతీలో మంటైనా, తేన్పులైనా, కడుపుబ్బరమైనా, ముద్ద దిగకపోయినా అన్నీ గ్యాసే. ఆ మాట వింటే ఎవరైనా ఎసిడిటీ అనే అనుకుంటారు.

ఫైలు తీసుకెళ్లాల్సిందే. అయితే లావుపాటి ఫైలు పాత అభిప్రాయాన్నే మోసుకొస్తుంది. మా ఫైల్లో ప్రతి చీటీ మీదా ఎసిడిటీయే. ఎండోస్కోపీ రిపోర్టులో 'నార్మల్' అని ఉంది. తొలిదశలో అకలేషియా ఎండోస్కోపీకి దొరక్కపోవచ్చు. దాన్ని తేల్చేది మానోమెట్రీ, అంటే సన్నని గొట్టం వేసి అన్నవాహికలో ఒత్తిడి కొలిచే పరీక్ష, దానికి తోడు బేరియం మింగించి తీసే ఎక్స్‌రే.

మా పని చేసిపెట్టింది ఒక్క కాగితం. వారం రోజులు అమ్మ భోజనం చేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. పెరుగన్నం ముద్ద పెట్టుకుని, రెండు గుక్కలు నీళ్లు తాగి, లేచి నిలబడి, భుజాలు వెనక్కి విరిచేది. అప్పుడు దిగేది. చాలాసార్లు మజ్జిగ కూడా ఆగిపోయేది. తెల్లారి చూస్తే దిండు మీద రాత్రి తిన్న మెతుకులు, అరగకుండా అలాగే. బరువు 58 కిలోల నుంచి 49కి వచ్చింది. ఇవే రాశాను, జబ్బు పేరేదీ రాయలేదు. అకలేషియా తీవ్రతను ఎకార్ట్ స్కోరుతో కొలుస్తారని తర్వాత తెలిసింది. ముద్ద దిగకపోవడం, తిన్నది పైకి రావడం, ఛాతీ నొప్పి, బరువు తగ్గడం, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 12. నా కాగితంలో వీటిలో మూడు ఉన్నాయి. కొత్త డాక్టర్ గారు "మజ్జిగ కూడా" అన్నచోట పెన్ను ఆపి, కింద గీత గీసి, "నీళ్లకీ ఇంతేనా అమ్మా?" అని అడిగారు. అవునంది. మానోమెట్రీ రాశారు.

కాబట్టి జబ్బు తేలేదాకా నా ఓటు కాగితానికే. ఫైల్లో అన్నిటికంటే పైన పెట్టండి, వెళ్లగానే చేతికివ్వండి. బరువు తగ్గుతూ ముద్ద దిగకపోతుంటే మాత్రం వారం ఆగొద్దు, గుర్తున్నంత రాసుకుని వెంటనే వెళ్లండి.

జబ్బు తేలాక నోటిమాటే మేలు, ఎందుకంటే అక్కడ చికిత్స ఎంచుకోవాలి. బిగుసుకున్న ఆ చోటును బెలూన్‌తో వెడల్పు చేస్తే మళ్లీ మళ్లీ చేయాల్సి రావచ్చు. కండరాన్ని కోసే పద్ధతులు రెండు: పొట్ట మీద చిన్న గాట్లతో చేసే హెల్లర్ ఆపరేషన్, నోటి ద్వారా ఎండోస్కోప్‌తో చేసే పోయెమ్. ఈ రెండింటినీ పోల్చి 2019లో వెలువడిన అధ్యయనంలో రెండేళ్ల తర్వాత పోయెమ్ 83 శాతం మందికి, హెల్లర్ దాదాపు 82 శాతం మందికి పనిచేసింది. ఆసిడ్ వల్ల అన్నవాహికలో పుండ్లు, వాపు మాత్రం పోయెమ్ తర్వాత 44 శాతం మందిలో, హెల్లర్ తర్వాత 29 శాతం మందిలో కనిపించాయి. మానోమెట్రీలో అకలేషియా మూడో టైపు, అంటే అన్నవాహిక పట్టేసినట్టు బిగుసుకునే రకం అని వస్తే ఎక్కువగా పోయెమ్ వైపే మొగ్గుతారు. అందుకే "మాది ఏ టైపు?" అన్నది తప్పకుండా అడగండి.

ఆ రోజు నేను అడగడం మర్చిపోయింది అమ్మే అడిగింది: "ఇది చేయించుకున్నాక మంట వస్తే, మాత్ర ఎన్నాళ్లు వేసుకోవాలి సార్?" డాక్టర్ గారు కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుని, కాగితం వెనక బొమ్మ గీసి, మొదటి నుంచి చెప్పారు.