పంతొమ్మిది రీళ్లు, ఆరేళ్లు: జపాన్ 8 మి.మీ. సినిమాలు పోగేసిన అనుభవం

ఉద్యోగం మీద టోక్యో వచ్చిన రెండో ఏడు, పాత కెమెరాల షాపులో 8 మి.మీ. వెడల్పు ఫిల్ము ఆడించే ప్రొజెక్టర్ కొన్నాను. ఆరేళ్లయింది. అప్పట్నుంచి ఇక్కడి కుర్రాళ్లు సొంత డబ్బుతో తీసుకున్న చిన్న సినిమాలు (‘జిషు ఎయిగా’ అంటారు) దొరికినప్పుడల్లా కొంటున్నాను. పంతొమ్మిది పోగయ్యాయి. నాలుగింటికి పేరే లేదు.

ఎక్కువ భాగం ఫూజీవాళ్లు 1965లో తెచ్చిన సింగిల్-8 ఫిల్ము మీద తీసినవే. కొడాక్ సూపర్-8 కూడా ఆ ఏడాదే వచ్చింది. ఒకే ప్రొజెక్టర్‌లో రెండూ ఆడతాయి. తేడా క్యాసెట్‌లో ఉంది. ఫూజీదైతే ఫిల్మును కెమెరాలోనే వెనక్కి తిప్పుకోవచ్చు. ఖాళీ గది తీసి, వెనక్కి తిప్పి, అదే ఫిల్ము మీద స్నేహితుణ్ణి నిలబెట్టి తీస్తే దయ్యం సిద్ధం! నా రీళ్లలో దయ్యాలకు కొదవ లేదు.

అసలు పిచ్చి పట్టించేది వేరే. ఇది రివర్సల్ ఫిల్ము, నెగెటివ్ ఉండదు. కెమెరాలో తిరిగిన ఫిల్మునే కడిగి తెర మీద ఆడిస్తారు. కాపీ తీయించే డబ్బు కాలేజీ కుర్రాళ్లకెక్కడిది? నా బల్ల మీదున్న రీలు పోతే ఆ సినిమా పోయినట్టే. మూడో ఏట ప్రొజెక్టర్ గేటు (దీపం ముందు ఫిల్ము జారే సన్నటి సందు) తుడవకుండా ఒకటి ఆడించాను. ఏటిగట్టు మీద నడిచే అమ్మాయి ముఖం మీద నిలువునా ఆకుపచ్చ గీత పడింది. ఇంకెవరినీ తిట్టడానికి లేదు.

ఇబ్బందులూ ఉన్నాయి. 50 అడుగుల ఫిల్ము సెకనుకు 18 ఫ్రేముల వేగంతో మూడు నిమిషాల ఇరవై సెకన్లకే అయిపోతుంది కాబట్టి ఏ సినిమా చూసినా అతుకులే. ఫూజీ పాలియెస్టర్ ఫిల్ముకి సిమెంట్ (ఫిల్ము అతికించే జిగురు) పట్టదు, టేపు వేయాలి. పాత టేపు జిగురు కారి పక్క చుట్టుకు అంటుకుంటుంది. పైగా ఈ ఫిల్ము తెగదు. ఇరుక్కుంటే దెబ్బ ప్రొజెక్టర్‌కే. ఒకసారి బెల్టు మార్పించాను.

త్సుకమొతో షిన్యా, సొనో సియోన్ లాంటి దర్శకులు 8 మి.మీ.తోనే మొదలై, 1977 నుంచి జరుగుతున్న పియా చిత్రోత్సవంలో బయటపడ్డారు. అలాంటి సినిమాలు కొన్నింటిని డిజిటల్ చేసి 2016లో బెర్లిన్‌లో చూపించారు. రుచి తెలియాలంటే ముందు అలాంటివి చూడండి, ప్రొజెక్టర్ తర్వాత కొనొచ్చు. పేరున్నవాళ్లు తీశారని రీళ్లు కొనడం నా దృష్టిలో డబ్బు దండగ. డబ్బా మీద పెన్సిల్‌తో నెల, సంవత్సరం మాత్రమే రాసి ఉన్నవే నేను మళ్లీ మళ్లీ తీసి చూసుకుంటున్నాను. అదీ గేటు రెండుసార్లు తుడిచాకే.