బీఎల్‌డీసీ ఫ్యాన్: బెజవాడ ఎండలకి పనికొస్తుందా?

పనికొస్తుంది, బిల్లు విషయంలో గట్టిగానే చెప్తాను. బీఎల్‌డీసీ అంటే బ్రష్‌లు లేని డీసీ మోటారు, తక్కువ కరెంటుతోనే తిరుగుతుంది. మామూలు సీలింగ్ ఫ్యాన్ ఫుల్ స్పీడులో దాదాపు 75 వాట్లు లాగుతుంది, ఇది 30 దగ్గరే ఆగుతుంది. మనకి రోహిణి కార్తెలోనే కాదు, వానాకాలంలో కూడా ఉక్కపోతకి ఫ్యాన్ ఆపే పరిస్థితి ఉండదు కాబట్టి, రోజుకి 15 గంటలు తిరిగినా ఒక్క ఫ్యాన్ మీదే నెలకి 20 యూనిట్ల దాకా మిగులుతాయి, పైగా అవి ఎక్కువ రేటున్న పై స్లాబులోంచే తగ్గుతాయి. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ కూడా ఎక్కువసేపు వస్తుంది. నాకు అన్నిటికన్నా నచ్చింది ఏసీతో కలిపి వాడటం. 22 బదులు 26లో పెట్టి ఈ ఫ్యాన్ రెండో స్పీడులో వేస్తే చాలు, మా అమ్మ అయితే దుప్పటి కప్పుకునే పడుకుంటోంది.

ధర ఎక్కువే. రిమోట్ కనపడకపోతే టెన్షన్. పాత రెగ్యులేటర్ తీసేయమని ఎలక్ట్రీషియన్‌కి ముందే చెప్పండి, దాంతో నడిపితే లోపలి సర్క్యూట్ పాడవ్వచ్చు.

పై అంతస్తు వాళ్లకి మాత్రం ఒక మాట. ఏ ఫ్యానూ గాలిని చల్లబరచదు, స్లాబు వేడినే కిందికి తోస్తుంది, అందుకని ముందు డాబా మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ వేయించండి. కొనేటప్పుడు వాట్లతో పాటు ఎయిర్ డెలివరీ, అంటే ఎంత గాలి ఇస్తుందో కూడా చూసుకోండి, గాలి సరిగా రాకపోతే మే నెలలో ఆ గదిలో కూర్చోలేం.